మేస్త్రీ తిట్టని మనవరాలు

“మామ్మా, మీ లావణ్య సేరిందే ట్రాక్టర్ షెడ్డు ట్రైనింగు, దాన్లో నానూ సేరనా?”

సేరవే, బేగి సేరు. ఇలాక్కూకో, సెప్తాను. అదేటంటే, సగం రోజులు పాలిటెక్నిక్కు కాలేజీ, మిగతా రోజులు షెడ్డులో పని. నెలనెలా జీతం గవర్నమెంటే ఇస్తాది. జీతం కాదు, ఏటంటారూ... ఆఁ, స్టైపెండు. మీ తాత ఇదే నర్సీపట్నంలో సైకిలు షాపులో పని నేర్సుకున్నప్పుడు ఎవుడిచ్చేడు? పావలాకి కడుపునిండా ఇడ్లీ దొరికే రోజులు, ఆ పావలా కూడా రాల్సీవోడు కాదు ఓనరు, పైగా మొట్టికాయలు. సర్లే, ఆ సంగతి ఇప్పుడెందుకు.

సేరి నెల తిరక్కుండానే ఓ సాయంత్రం లావణ్య ఏడ్సుకుంటా వొచ్చింది. ఏటయ్యిందే అంటే, “మామ్మా, మేస్త్రీ నన్ను తిట్టట్లేదే!” అంటాది. నవ్వకే! ఆ షెడ్డులో తిట్లు తింటేనే పనొస్తాది. ఎవుడైనా నట్టు తప్పు బిగిస్తే మేస్త్రీ ఇంజను కన్నా గట్టిగా అరుస్తాడు, అరిసి, సెయ్యట్టుకుని సూపిస్తాడు. దీనికేమో “ఫేను కింద కూకోమ్మా” అని కుర్సీ ఏసేడంట. గవర్నమెంటు పంపిన ఆడపిల్ల, తిడితే కంప్లయింటు ఎడతాదని బయ్యం. స్పానరు ముట్టకుండా ఏడాదంతా కూకుంటే ప్రాక్టికల్సు పోతాయి గదా, ఇంక సర్టిఫికెట్టెవుడిస్తాడు, ఉద్యోగమెవుడిస్తాడు?

మేస్త్రీ నాకు వరసకి మరిదవుతాడులే. మా మాంగారి తమ్ముడి కొడుకు... కాదు కాదు, మాయత్త సెల్లెలి కొడుకు, మాకవరపాలెంవోడు. తెల్లారగానే లావణ్యనెంటెట్టుకుని షెడ్డుకెల్లి ఆడి కుర్సీలో నానే కూకున్నాను. “ఏటయ్యా, నా మనవరాల్ని తిట్టవేటి? నువ్వు తిట్టకపోతేనే కంప్లయింటు ఎడతాను, సూసుకో” అన్నాను. సెరుకు ట్రాక్టరు బాగుకి తెచ్చిన గొలుగొండ ఊరి రైతులు పకపకా నవ్వేరు. “ఏటని తిట్టనొదినా, నోరు రాదు” అంటాడు! నోరు రాదంట, పెద్ద బుద్దిమంతుడు.

నాను లావణ్యకేసి కన్నుకొట్టేను. అది స్పానరు తీసి, సరిగ్గా ఆడి పక్కనున్న కాలిన ఆయిలు డబ్బాలో పడేసింది. మేస్త్రీ తెల్ల సొక్కా నిండా నలుపే! “ఓసి గాడిదా! స్పానరట్టుకోడం రాదేటే నీకు? ఇలా తే సెయ్యి!” అని అరిసేడు. అరిసి నాలిక్కరుసుకున్నాడు. అప్పటికే ఆలీసం అయిపోనాది, తిట్టు నోరు దాటేసింది. లావణ్య మొకం సూడాల అప్పుడు, ఎలిగిపోనాది. సెయ్యట్టుకుని బోల్టు ఇప్పడం సూపించేడు పాపం. నాకేమో కళ్ళమ్మట నీళ్ళు, నవ్వో ఏడుపో తెల్దు.

ఇప్పుడు గేరుబాక్సు ఇప్పి మళ్ళీ తనే బిగించేత్తంది. ఇంటికొచ్చి, ఇయ్యాల ఏం తిట్లు తిన్నాదో వొక్కోటీ గొప్పగా సెప్తాది.

ఎల్లమ్మా, సేరు. సల్లగుండు. నీక్కూడా ఆడి నోటినిండా తిట్లు దొరకాల.