మాస్టారి ఇంజనులో మడ్డి

"మొన్న ఆదివారం మా కారు ఇంజనులో మడ్డంతా నా చేత్తో నేనే కడిగేశాను," అన్నారు మాస్టారు, టీ గ్లాసు బల్ల మీద పెడుతూ. "మెకానిక్కు లేడు, షెడ్డు లేదు. మా ఇంటి ముందే!"

అబద్ధమే గాని ఇంకా చిన్న అబద్ధమే. కడగాలని కిరసనాయిలు డబ్బా కొన్నమాట మాత్రం నిజం. మూత కూడా తియ్యకుండా అది డిక్కీలో పడి ఉంది.

ఆయన బళ్ళో పాఠాలు చెప్పిన మాస్టారు కాదు, డ్రైవింగు స్కూలు మాస్టారు. ముప్పై ఏళ్ళపాటు పక్క సీట్లో కూర్చుని, కాలి కింద ఇంకో బ్రేకు పెట్టుకుని, ఊళ్ళో సగం మందికి కారు నడపడం నేర్పారు. స్కూలు మూతపడ్డప్పుడు ఆ పాత కారే కొనుక్కున్నారు. పక్క సీటు కింద బ్రేకు ఇంకా అలాగే ఉంది, తొక్కేవాళ్ళే లేరు. భార్య పోయింది. పిల్లలు లేరు. మోకాళ్ళు అరిగిపోయి వీధి చివరి దాకా నడవడం కూడా కష్టమే. అందుకని రోజూ సాయంత్రం కారేసుకుని ఈ టీ కొట్టుకొస్తారు. ఇంట్లో గోడలకి ఎన్ని కోతలు కోసినా అవి ఊఁ కొట్టవు కదా.

ఆ పొద్దున కారు స్టార్టు చేస్తే లోపల ఎవరో గ్లాసులు కడుగుతున్నట్టు టకటకమని చప్పుడు. కాసేపటికి తగ్గింది గాని మాస్టారి గుండెల్లో తగ్గలేదు. బండి మూలపడితే టీ కొట్టుకి రావడం ఉండదు. ఇంక సాయంత్రాలు ఎలా గడవాలి? ఆ చప్పుడేమిటో ట్యాక్సీ డ్రైవరుని అడగొచ్చు. ఎదురుగానే కూర్చున్నాడు, ఒకప్పుడు తన దగ్గర నేర్చుకున్నవాడే. కాని ముప్పై ఏళ్ళు చెప్పడమే చేసిన నోటికి అడగడం రాదు. తప్పుగా చెబితే వాడే దిద్దుతాడులే అనుకున్నారు. ఒక్క ప్రశ్న అడక్కుండా మిగుల్చుకోవడానికి మనిషి ఎన్ని అబద్ధాలైనా ఖర్చు పెడతాడు.

"ఎలా కడిగారు మాస్టారూ?" అన్నాడు పక్కన కూర్చున్న టైలరు. ట్యాక్సీ డ్రైవరు ఫోను చూసుకుంటున్నాడు.

"చాలా తేలికయ్యా. ఇంజను కాస్త వేడెక్కనిచ్చి, ఆయిల్లో లీటరు కిరసనాయిలు పోసి, పావుగంట ఊరికే తిరగనిచ్చి, కింద నట్టు విప్పేయడమే. విప్పానా, ముందు చుక్కలు చుక్కలుగా పడింది, తర్వాత కాటుకలాగా జారింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పళ్ళెం పెట్టాను, నిండింది. బకెట్టు పెట్టాను, నిండింది. మా స్నానాల తొట్టి ఈడ్చుకొచ్చి పెడితే అదీ నిండింది!"

"అంత చిన్న ఇంజనులోంచా?" అంది టీ కొట్టావిడ, పాలగిన్నె మీంచి తలెత్తకుండానే.

"చిన్నదా? ఊళ్ళో సగం మంది తప్పులు మింగిన ఇంజనమ్మా అది! క్లచ్చి తొక్కకుండా గేరు మార్చి దాన్ని ఒక్కొక్కడూ ఎంత ఏడిపించాడని! ఆ ఏడుపంతా లోపల గడ్డకట్టుకుపోయింది. ఇదుగో, ఈ ట్యాక్సీ మహానుభావుడిదే ఒక గంపెడు ఉంటుంది. సరే, తొట్టి పొర్లి వీధిలోకి పారింది. మా వీధిలో గుంతలన్నీ పూడిపోయి, రోడ్డు అద్దంలా తయారైంది. ఎక్కణ్ణుంచో తెల్ల కొంగ ఒకటి, ఇదేమిటా అని వచ్చి వాలింది. లేచేసరికి కాకి! ఇప్పటికీ మా పిట్టగోడ మీదే ఉంటోంది. దాని వాళ్ళు దాన్ని రానివ్వట్లేదు, పాపం."

ఆ చివరి మాట ఆయన అనాలనుకుని అన్నది కాదు.

టైలరు పడీ పడీ నవ్వాడు. నవ్వుతూనే గ్లాసు ఖాళీ చేసి సంచీ అందుకోబోయాడు. మాస్టారు అది చూశారు.

"కూర్చోవయ్యా, అసలు సంగతి ఇంకా రానేలేదు! కొత్త ఆయిలు పోసి తాళం తిప్పాను. చప్పుడు లేదు. మళ్ళీ తిప్పాను. ఊఁహూఁ. బానెట్టెత్తి చెయ్యి పెట్టి చూద్దును కదా, ఎప్పట్నించో తిరుగుతోంది! అంత నున్నగా ఉంది. రోడ్డెక్కాను. హారను కొడితే ఆ మోత నేను దాటిపోయిన వీధిలో వినబడుతోంది. అద్దంలో చూస్తే ఇంకా మా ఇల్లే కనబడుతోంది, అద్దానికి నన్ను అందుకునే తీరికేదీ? ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెట్రోలు ముల్లు పైకి లేస్తోంది!"

"పైకా?"

"పైకే! ఇంజను తాగడం మానేసి ఆవు పాలు చేపినట్టు చేపుకొచ్చింది! ట్యాంకు పొంగిపోతుంటే గత్యంతరం లేక బంకు దగ్గర ఆపి రెండు డబ్బాలు వాళ్ళకే పోసొచ్చాను. ఇలాంటి బేరం పుట్టి బుద్ధెరిగి చూడలేదన్నారు వాళ్ళు."

టైలరు సంచీ మళ్ళీ కింద పెట్టాడు. మాస్టారి గొంతు ఇంకో మెట్టెక్కింది.

"అక్కణ్ణుంచి కొండలెక్కి, కొండలు దిగి, సముద్రం దాకా పోయాం. బండి నిండా జనం! పాటలు, గోల, ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళు. పైన కూర్చున్నవాళ్ళు పైన, వేలాడేవాళ్ళు వేలాడుతూ. నా పక్క సీటు కోసం కొట్టుకున్నారంటే నమ్ము!"

"ఎవరు మాస్టారూ వాళ్ళు?" అంది టీ కొట్టావిడ. వేళాకోళానికి అనలేదు. ఊరికే అడిగింది.

కొంగని కాకి చేసిన మనిషికి, బంకుకే పెట్రోలు పోసిన మనిషికి, చెప్పుకోవడానికి ఒక్క పేరు దొరకలేదు.

"అందరూ," అన్నారు. "మనవాళ్ళే."

ట్యాక్సీ డ్రైవరు ఫోను జేబులో పెట్టాడు. బల్ల మీదున్న కారు తాళాలు తీసుకుని వెళ్ళి బానెట్టెత్తాడు. ఆయిలు పోసే మూత విప్పి, దాన్ని వెల్లకిలా అరచేతిలో పెట్టుకుని తెచ్చాడు. మూత లోపల తెల్లగా, చిక్కగా, వెన్నలాంటిది పేరుకుని ఉంది.

"ఇది నీళ్ళు మాస్టారూ. ఇంజను బాగా వేడెక్కకముందే ఆపేస్తుంటే లోపల చెమ్మ పట్టి, ఆయిల్లో కలిసి ఇలా అవుతుంది. అడుగున అదే మడ్డి కడుతుంది. పొద్దున్నే స్టార్టు చేస్తే టకటకమనేదీ అందుకే. కొండలెక్కిన బండికి ఇది ఉండదు. సముద్రం దాకా పోయిన బండికి అసలుండదు. ఇంటి నుంచి టీ కొట్టుకీ, టీ కొట్టు నుంచి ఇంటికీ తిరిగే బండికే ఉంటుంది." గొంతు తగ్గించాడు. "మీరు ఎక్కడికీ వెళ్ళలేదు మాస్టారూ. చాలా కాలం నుంచి వెళ్ళలేదు."

టైలరు నవ్వబోయి ఆగిపోయాడు. ఖాళీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. అబద్ధం బయటపడ్డవాడు తల దించుకోవాలి, అది న్యాయం. ఒంటరితనం బయటపడ్డవాడు దించుకోనక్కర్లేదు. కాని మాస్టారివి రెండూ ఒక్క మూతలోనే బయటపడ్డాయి.

"కిరసనాయిలు నిజంగానే పోశారా?" అన్నాడు ట్యాక్సీ డ్రైవరు.

"లేదు. డిక్కీలో ఉంది."

"బతికించారు. పోస్తే గడ్డలన్నీ ఒక్కసారే ఊడొచ్చి కింద ఆయిలు పీల్చే జల్లెడకి అడ్డం పడేవి. ఆయిలు పైకెక్కక ఇంజను బిగుసుకుపోయేది. రేపు ఆయిలు మార్పిద్దాం, కొన్నాళ్ళకే మళ్ళీ మారుద్దాం. మెల్లగా అదే కడుక్కుంటుంది. ఈలోగా బండి బాగా వేడెక్కేదాకా దూరం తిప్పండి. ఆ చెమ్మ ఆవిరైపోవాలి."

దూరం తిప్పడం చేతకానిదేం కాదు. మాస్టారు ఆ మూతనే చూస్తున్నారు. పొద్దుట్నుంచి అడగలేకపోయింది ఇంజను సంగతే అనుకున్నారు. దాని కింద ఇంకోటి ఉంది.

"ఒరేయ్, నాతో వస్తావా?" అన్నారు.

అందులో కొంగ లేదు, కాకి లేదు. ఆయన నోట అంత పొట్టి మాట ఆ కొట్టు దగ్గర ఎవరూ వినలేదు.

ట్యాక్సీ డ్రైవరు తన బండి వంక చూశాడు. బేరాలొచ్చే వేళ అది. మూత గుడ్డతో తుడిచి, బిగించి, బానెట్టు దించాడు.

"పదండి. బైపాసు మీద పోదాం."

మాస్టారు స్టీరింగు దగ్గర కూర్చున్నారు. వాడు పక్క సీట్లో కూర్చున్నాడు. కారు మాస్టారి ఇంటి మలుపు దాటి ముందుకు పోయింది. షాపులు పలచబడ్డాయి, ఇళ్ళు పలచబడ్డాయి. పక్కన మనిషి కావాలని ఇన్నాళ్ళు ఎన్ని కథలల్లారో, తీరా మనిషి వచ్చి కూర్చుంటే మాస్టారు గేర్లు మార్చడమే పనిగా పెట్టుకున్నారు. ఒక వంపు దగ్గర పక్క సీటు కింద బ్రేకు మెత్తగా నొక్కుకుంది. కారు కొంచెం తగ్గింది. మాస్టారు తల తిప్పి చూశారు. వాడు ఎదురుగా రోడ్డు చూస్తున్నాడు.

వేడి ముల్లు మెల్లగా లేచి, ఎన్నాళ్ళకో మధ్య గీత దగ్గర నిలబడింది.

"చెప్పండి మాస్టారూ," అన్నాడు వాడు. "సముద్రం దాకా పోయారు కదా. ఆ తర్వాత ఏమైంది?"

మాస్టారు వేడి ముల్లు వంక ఒకసారి చూశారు.

"ఏమీ కాలేదురా," అన్నారు. "ఇంటికెళ్ళి పడుకున్నాను."