ఎడమచేతి కత్తెర

క్రిస్మస్ దగ్గర పడింది. ఆర్.ఎస్. పురంలోని దర్జీ సామాన్ల అంగడిలో, పక్షవాతం వచ్చి కుట్టుపని ఆగిపోయిన జెబమలర్‌కు ఏం కొనాలో తేలక ఆమె భర్త నిలబడిపోయాడు. పక్కన కూతురు.

"నైనా, ఈ మోటారు మిషను చూడు. కాలితో తొక్కే పనే లేదు."

"అమ్మకి కాలు బాగానే ఉండాది గదమ్మా. పడిపోయింది కుడిచెయ్యి."

"సరి, ఈ పూలకుట్టు దారాలు?"

"సూదికి ఎక్కించేది ఎట్లా? వాటిని చూసి చూసి ఏడుస్తాది."

అతని చూపు అద్దాల పెట్టెలో ఉన్న కత్తెర మీద ఆగింది.

"అది తియ్యమను. ఎడమచేతికని చేసిందంట."

"ఇంట్లో కత్తెర ఉందే?"

"నిన్న దాన్నే ఎడమచేత్తో పట్టుకోని నాకు చొక్కా కత్తిరించబోయింది. గుడ్డ మడతపడిందే గాని తెగలేదు. కత్తెర ఆడనే పెట్టేసి గోడ పక్కకి తిరిగి కూర్చుండె."

అద్దాల పెట్టె తెరవమని కూతురు అంగడివాడికి సైగ చేసింది.

"సరి నైనా, ఇదే కొందాం. కానీ చేతికియ్యొద్దు, బల్లమీద పెట్టు, అమ్మే తీసుకుంటాది. కత్తెర చేతికిస్తే జగడం వస్తాదని మనల్ని ఎంత తిట్టేది!"

అతను కత్తెర అందుకుని, పదును మీద బొటనవేలు మెల్లగా ఆనించి చూశాడు.

"చేతికే ఇస్తా."

"అయ్యో, ఏమిటికి నైనా?"

"జగడం రానియ్యమ్మా. మాట పడిపోయినప్పటి నుంచీ మీ అమ్మ నన్ను ఒక్క తిట్టైనా తిట్టలేదు."