ఆపడం వేరు, నిలపడం వేరు

పైతోటలో పళ్ల పెట్టెలు ఎత్తిన కొండబండి, వాలుదారుల్లో సరుకు మోసే తలుపుల్లేని చిన్న మోటారు బండి. స్టీరింగు దగ్గర కూతురు. కింద, బండి కడ్డీ పట్టుకుని తల్లి.

“దిగవే.”

“దిగను.”

“మీ నాన్నని మింగింది ఇలాంటి బండే. ఆ కింద గేటు దగ్గరే. తెలిసి తెలిసి ఈ పనిలో చేరావా?”

“తెలిసే చేరాను.”

“నాకు మాటైనా చెప్పకుండా.”

“చెబితే గుమ్మానికి అడ్డం పడుకునేదానివి.”

“ఇప్పుడు బండికి అడ్డం పడుకుంటా.”

“పడుకో. నువ్వు లేచేదాకా ఇంజను ఆపి కూర్చుంటా.”

“ఆ నోరు మీ నాన్నదే.”

“నోరు నీదేనమ్మా. ఎవర్నడిగినా చెబుతారు.”

“ఆ రోజు బ్రేకు తెగకపోయుంటే ఆయనా...”

“తెగలేదమ్మా.”

“తెగింది.”

“మెకానిక్ మామయ్యని అడిగాను. బ్రేకు బాగానే ఉందట.”

“వాడికేం తెలుసు? తెగింది. అందరికీ అదే చెప్పాను, నీకూ అదే.”

“నువ్వు చెబితే బ్రేకు తెగుతుందా? నాన్న బండి ఆపాడు. నిలపలేదు.”

“రెండూ ఒకటేగా.”

“కాదు. కాలితో నొక్కితే ఆగుతుంది. కాలు తీసి, దిగి పోయాక కూడా కదలకుండా ఉంటే నిలిచినట్టు. ఇంజను ఆపకుండా, హ్యాండ్‌బ్రేకు లాగకుండా గేటు తియ్యడానికి దిగాడు.”

“ఒక్క నిమిషమే కదా అనుకుని ఉంటాడు.”

“అదిగో.”

“ఏమిటే అదిగో?”

“తెగలేదని నీకూ తెలుసు.”

“తెలుసు. పోయినవాణ్ణి పట్టుకుని చేతకానివాడంటారని అలా చెప్పాను. చాలా? ఇక దిగు.”

“దిగను. నువ్వే ఎక్కు.”

“నేనా?”

“పళ్లు దింపే షెడ్డుదాకా. అటు కాదు, పెట్టెల మీద మనుషులు కూర్చోకూడదు. ఇలా నా పక్కకి రా. బెల్టు పెట్టుకో. కాలు లోపలికి తీసుకో. బండి ఒరిగిందని కాలు బయట ఆనించావో, ఇక కాలుండదు.”

“శుభం పలకరా పెంకన్నా అంటే...”

“పట్టుకో. నేరుగా దిగుతాం, మెల్లగా. వాలుకి అడ్డంగా తిప్పితే పొర్లిపోతాం.”

“నోర్మూసుకుని దారి చూడు.”

“చూస్తున్నా. నువ్వూ కళ్లు తెరువు.”

“తెరవను.”

“గేటొచ్చింది.”

“నువ్వు దిగకు. ఎవర్నైనా కేకేద్దాం.”

“ఎవరూ లేరిక్కడ. చూడు, చక్రాలు గట్టువైపు తిప్పాను. హ్యాండ్‌బ్రేకు లాగాను. ఇంకా వస్తుందేమో నువ్వు లాగి చూడు.”

“రావట్లేదు.”

“గేర్లోనే ఉంచి ఇంజను ఆపాను. తాళంచెవి నా జేబులో. ఇప్పుడు దిగి ముందు చక్రానికి రాయి పెడతా.”

“ముందుకెళ్లకే!”

“పక్కనుంచే పెట్టాను. ఇప్పుడు గేటు తీస్తున్నా. కళ్లు మూసుకోకు, నన్నే చూడు.”

“చూస్తున్నా. తొందరగా కానియ్యి.”

“తొందరేం లేదు. తీశాను. కదిలిందా?”

“లేదు.”

“వినపడలా.”

“కదల్లేదే! ఇంతేనా? ఆయన చెయ్యాల్సింది ఇంతేనా?”

“ఇంతేనమ్మా.”

“ఇంతే.”

“ఏడుస్తున్నావా?”

“లేదు. రాయి తీసి వచ్చి ఎక్కు. బండి గేటు దాటించు.”

“దాటించాను. ఇక షెడ్డుదాకా అంతా చదునే. అయినా బండి నిలిపే దిగుతున్నా, చూశావుగా. గేటు వేసొస్తా.”

“వెయ్యి. గొళ్లెం సరిగ్గా పెట్టు.”

“పెట్టాను. అదేంటి, నా సీట్లో కూర్చున్నావ్? జరుగు, నేనెక్కాలి.”

“అటు తిరిగొచ్చి ఎక్కు. తాళంచెవి ఇలా ఇయ్యి.”