తలుపు వెనక స్విచ్చు

చదివిన చదువు పనిలోకి వస్తుందా అన్నది నాకు ఏళ్లనాటి సందేహం. మా అమ్మాయి ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో ఇంటర్న్‌షిప్ ముగించుకుని రాగానే అడిగాను.

"ఉద్యోగం ఇస్తారా, తల్లీ?"

"ఇస్తామన్నారు నాన్నా. నేను చేసిన తప్పు పుణ్యమా అని!"

"తప్పు చేస్తే ఉద్యోగమా?"

"నేను గీసిన ప్లాన్‌లో స్విచ్చు తలుపు వెనక పడింది. మేస్త్రి చూసి, 'చీకట్లో తలుపు చుట్టూ ప్రదక్షిణం చెయ్యాలా అమ్మా?' అన్నాడు. ఆ రోజు నుంచి ప్రతి ప్లాన్‌లోనూ కళ్లు మూసుకుని మనసులోనే గదిలోకి నడిచి, చెయ్యి తగిలినచోటే స్విచ్చు గీశాను. అది ఆఫీసువాళ్లకు నచ్చింది."

"దేవుడు ఆ మేస్త్రిని చల్లగా చూడాలి. కాలేజీలో చెప్పలేదా?"

"చెప్పారు నాన్నా, పరీక్షలో రాశాను కూడా. అది సరే, మన వంటింటి స్విచ్చు తలుపు వెనక ఎవరు పెట్టించారు?"

"నేనే. మార్పిస్తానని మీ అమ్మకు మాటిచ్చి పదిహేనేళ్లయింది."

మర్నాడే స్విచ్చు ఇవతలి గోడకు వచ్చింది. మా ఆవిడ దాన్ని వేసి, ఆర్పి, మళ్లీ వేసింది.