కుండీలో పెట్టిన జింకకొమ్ముల మొక్క

పది రోజుల ట్రైనింగు ముగించుకొని లాల్‌దర్వాజాలోని ఇంటికి వచ్చిన బేబీ, గోడమీద తను మొక్కను కట్టిన చెక్క ఖాళీగా ఉండటం చూసి నిర్ఘాంతపోయింది.

"అత్తమ్మా, నా జింకకొమ్ముల మొక్క ఏది?"

"కుండీల పెట్టిన బిడ్డా. మట్టి లేక కింది ఆకులు ఎండుతుంటే పాపమనిపించింది. దినాం నీళ్లు పోసిన."

"అయ్యో! గా ఆకులు గట్లనే ఉంటయి. అది చెట్టుకొమ్మలను పట్టుకొని బతికేది, మట్టిల కుళ్లిపోతది. ఎనిమిదేండ్లు సాదిన అత్తమ్మా!"

బేబీ మొక్కను పెకిలించింది. వేళ్లు నల్లగా మెత్తబడ్డాయి. అత్త లీలమ్మ వంగి చూసింది.

"బిడ్డా, గీడ పచ్చగ పిలక ఉన్నది."

"ఉన్నది! చెక్కకు కడ్త."

"నన్ను రెండు మాటలు తిట్టు, బేబీ."

"ముందు చెక్క గట్టిగ పట్టుకో అత్తమ్మా. నేను దారం చుడ్త."