వంకర చిటికెన వేలు

రేపు పిల్లలొస్తారు. నాన్నమ్మ చెప్పే ఆదివారం లెక్కల పాఠం ఇకమీద తాతయ్యే చెప్పాలి. బల్లమీద అట్టలు, కత్తెర, జిగురు. అటు తాతయ్య, ఇటు మనవరాలు.

“మార్చి పదకొండు. ఆ రోజు రొట్టె, జామ్ తిన్నాం. నాన్నమ్మ కుడిచెయ్యి అట్టమీద పెట్టించి చుట్టూ గీసి కత్తిరించింది నేనే కదా తాతయ్యా? మణికట్టు దగ్గర జామ్ మరక పడింది. ఈ అట్ట చేతిమీద మరకేదీ?”

“తుడిచేశాలే.”

“అట్టమీద జామ్ తుడిస్తే పోతుందా?”

“పోయింది మరి. నువ్వు పాఠం చెప్పు. రేపు ముందు ఏం చేయించాలి?”

“ముందు జరపడం. చెయ్యి అలాగే ఉంటుంది, చోటు మారుతుంది. తర్వాత తిప్పడం, గడియారం ముల్లులా. ఆఖర్న బోర్లా వెయ్యడం. అప్పుడు కుడిచెయ్యి కాస్తా ఎడమచెయ్యి అయిపోతుంది... తాతయ్యా, చిటికెన వేలు ఇంత తిన్నగా ఉందేంటి?”

“ఉండకూడదా?”

“నాన్నమ్మది వంకర. తలుపు సందులో నలిగింది కదా. గాలికి పడిందట తలుపు.”

“గాలికని చెప్పిందా?”

“ఊఁ. ఇది నాన్నమ్మ చెయ్యి కాదు. ఏదీ, నీ చెయ్యి పెట్టు. పెట్టు తాతయ్యా... చూశావా, అచ్చం నీదే!”

“అరవకే. అదీ... ఆవిడ పోయిన మర్నాడు మందుల డబ్బాలన్నీ పారేశాను చూడు. కంటికి కనబడకూడదని, చూడకుండా పారేశా. అట్ట అందులోనే ఉంది.”

“చెత్తలోకా?”

“వెతికానే. పరిగెత్తాను కూడా. అప్పటికే బండి వెళ్లిపోయింది. మాట్లాడు, పిచ్చుకా. తిట్టు, పడతాను.”

“ఆ అట్ట పెట్టి పిల్లలు గీసిన బొమ్మలో?”

“బాగున్నవన్నీ గోడకి అంటించిందిగా. రంగులేసేవాళ్లు గీకేశారు.”

“బాగాలేనిది ఒకటుంది. నాది. తిప్పమంటే బోర్లా వేసి గీశా. నాన్నమ్మ ఎర్రగా ఇంటూ కొట్టింది. సిగ్గేసి ఆ కాగితం లెక్కల పుస్తకంలో దాచా. ఇదిగో.”

“వంకర వేలే... వంకర వేలేనే! కానీ ఇది ఎడమచెయ్యి. ఎంత తిప్పినా కుడి అవదు కదమ్మా.”

“తిప్పకు మరి! అట్టకి అంటించు. ఆఁ. ఇప్పుడు కత్తిరించు. వేలు దగ్గర మెల్లగా! ఇప్పుడు బోర్లా వెయ్యి. వచ్చిందా?”

“వచ్చింది. ఆవిడదే.”

“అంతలా నొక్కకు తాతయ్యా, జిగురు ఇంకా ఆరలేదు. బల్లమీదే ఉంచి పోదాం పద. తలుపు మెల్లగా వెయ్యి, గాలికి ఎగిరిపోతుంది.”

“మెల్లగానే వేస్తున్నా. ఆ వేలు నలిగిన రోజు గాలి లేదే, పిచ్చుకా. తలుపు విసిరికొట్టింది నేను.”