విజిల్ మాస్టారి స్ట్రాబెర్రీ

విజిల్ మాస్టారు గొంతు సవరించుకున్నారంటే చాలు, టీ కొట్టు అక్క పాలగిన్నె మీద మూత పెట్టేస్తుంది. ఆయన కోతలకి పాలు విరిగిపోతాయని ఆవిడ భయం. ఆ సాయంత్రం కూడా అంతే, ఆయన ఇంకా బల్ల మీద సరిగ్గా కూర్చోనేలేదు, మూత పడింది.

ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆయన బడిలో డ్రిల్లు మాస్టారు. రిటైరై ఏళ్ళు గడిచినా మెళ్ళో విజిల్ మాత్రం తియ్యలేదు. ఈమధ్యే లైబ్రరీ వెనక పిచ్చిమొక్కలు పెరిగిన స్థలం అడిగి పుచ్చుకుని, ఒక్కరే గుల్లచేసి, మళ్ళు కట్టి, స్ట్రాబెర్రీ నారు నాటి, గోడకి ఒక అట్టముక్క తగిలించారు. 'పిల్లల తోట క్లబ్బు. ప్రతి శనివారం పొద్దున్న. ఊరికే.' మొదటి శనివారం ఎవరూ రాలేదు. రెండో శనివారం బోర్లించిన బకెట్ మీద ఎండెక్కేదాకా కూర్చుని, చిన్న చిన్న తవ్వుగోలలు వరసగా పేర్చుకుని, మళ్ళీ ఎత్తి సంచిలో వేసుకుని వచ్చేశారు. లైబ్రరీ చూసుకునే అతను మంచివాడే. మూడో శనివారం రేపనగా పిలిచి, "రేపు ఒక్క పిల్లో పిల్లాడో వచ్చినా సరే మాస్టారూ, నేను పైవాళ్ళకి చెప్పుకుంటాను. రాకపోతే మాత్రం సిమెంటు వేయించి బళ్ళ స్టాండు చేసేస్తారట, ఏమీ అనుకోకండి" అన్నాడు.

అందుకని ఈ టీ కొట్టుకి వచ్చారు. స్కూలు వ్యాను ఆగేది ఇక్కడే. తల్లులూ తండ్రులూ పిల్లల కోసం ఎదురుచూసేదీ ఇక్కడే. 'మీ పిల్లల్ని పంపండి బాబూ' అని నోరు తెరిచి అడిగేస్తే పోయేది, కానీ ఆయనకి అడగడం చేతకాదు. చేతనయిందల్లా ఒకటే.

"తోటంటే మాదయ్యా తోట" అని మొదలుపెట్టారు, పక్కనే కూర్చున్న సెలూన్ అతని తొడ మీద ఒక్కటి చరిచి. "బడి వెనకాల, బావురుమంటూ ఉండే చోట, ఈ చేతుల్తో పిల్లల క్లబ్బు పెట్టాను. ముందు ముల్లంగి వేయించాను. అబద్ధం ఎందుకు చెప్పాలి, మామూలు ముల్లంగే. పిల్లల మోచెయ్యంత వచ్చింది."

"రావచ్చులెండి" అన్నాడు సెలూన్ అతను, తొడ రుద్దుకుంటూ.

"రావచ్చు కాదు, వచ్చింది! ఎందుకొచ్చింది? ఇదిగో, దీనివల్ల." విజిల్ ఎత్తి చూపించారు. "పొద్దున్నే ఊదేవాణ్ణి. పిల్లలు అటెన్షన్, మొక్కలూ అటెన్షన్. వడలిపోయి వేలాడే టమాటా మొక్క కూడా ఠకీమని లేచి నిలబడేది, స్టాండెటీజ్ అంటేగాని ఆకు వాల్చేది కాదు. మాట వినంది గుమ్మడి పాదొక్కటే, దానికి క్రమశిక్షణ లేదు. నేను అటు తిరగ్గానే గోడెక్కేసి, హెడ్మాస్టారి గది కిటికీలోంచి దూరి, పోయి పోయి ఆయన ఫ్యాను చుట్టుకుంది. ఆయనేమో ఉక్కపోస్తోందని స్విచ్చేశాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఫ్యాను ఊడింది" అన్నాడు చేతిలో హెల్మెట్ పట్టుకు నిలబడ్డ ఒక తండ్రి.

"ఊడితే కథేముంది? తీగంతా గిరగిరా చుట్టుకుంది. దాని రెండో కొస పట్టుకుని లాగుతున్న నా పిల్లలందరూ కిటికీలోంచి ఒకళ్ళ వెనక ఒకళ్ళు వచ్చి ఆయన బల్ల మీద పడ్డారు, గుమ్మడికాయలతో సహా. ఆయన కళ్ళజోడు సర్దుకుని, వచ్చారు కదా అని అక్కడికక్కడే హాజరు వేసేశాడు!"

కొట్టంతా గొల్లుమంది. "చెప్పేవాడికి వినేవాడు లోకువ" అంది టీ అక్క గ్లాసులు కడుగుతూ, కానీ ఆవిడా నవ్వుతోంది. బెంచీ చివర కూర్చున్న టైలరమ్మ ఒక్కతే నవ్వలేదు. మెళ్ళో టేపు వేలాడుతుంటే ఒళ్ళో ఎవరిదో గౌను పెట్టుకుని అంచు కుడుతోంది. నవ్వని మనిషిని చూస్తే మాస్టారికి పట్టుదల వస్తుంది. గొంతు పెంచారు.

"ఇదంతా ఒక ఎత్తు. స్ట్రాబెర్రీ ఒక ఎత్తు."

"ఇదిగో, పడింది అసలు కోత" అన్నాడు సెలూన్ అతను.

"మొక్కలు నాటి, కింద మట్టి అంటకుండా గడ్డి పరిపించాను. ఒక మొక్కకి ఒక్క కాయ కాసింది. సోమవారం చూస్తే నిమ్మకాయంత. సరే, బలం పట్టింది అనుకున్నాను. మంగళవారానికి పుచ్చకాయంత. బుధవారం పొద్దున పిల్లలు పరిగెత్తుకొచ్చారు, సార్, సార్, కాయ గేటుకి అడ్డం పడింది, లోపలికి దారి లేదు అని. వెళ్ళి చూద్దును కదా, బడి గోడ మీదనుంచి ఎర్రగా తొంగిచూస్తోంది! స్ట్రాబెర్రీకి ఒంటినిండా గింజలుంటాయి చూడండి, ఆ గింజల మీద కాళ్ళు పెట్టి పిల్లలు చకచకా ఎక్కేసేవాళ్ళు, నిచ్చెన కూడా అక్కర్లేదు. ఇక వాసనంటారా, రోడ్డు మీద పోయే బస్సులు ఎక్కడివక్కడే ఆగిపోయేవి. ఎందుకాపావయ్యా అని అడిగే ప్యాసింజరు ఒక్కడు లేడు, అందరూ కళ్ళు మూసుకుని పీలుస్తున్నారు."

"మా చెవుల్లో పువ్వులేమన్నా కనిపిస్తున్నాయా మాస్టారూ?" అన్నాడు హెల్మెట్ తండ్రి.

"విను ముందు! చాకులు ఆనవు, రంపం తెచ్చాం. ఒక్క కోత కోశామో లేదో, రసం కాలవలా వీధిన పడింది. అటుగా పోతున్న తెల్లకుక్క దాన్ని దాటి ఎర్రకుక్కయి ఇంటికెళితే, ఇది మా కుక్క కాదని వాళ్ళు తలుపేసుకున్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పిల్లలు తింటూ తింటూ లోపలికి తొలుచుకుపోయారు. లోపలొక గది, గది పక్కన గది. ఎవరెక్కడున్నారో తెలీదు. నేను బయట నిలబడి విజిల్ ఊదితే అన్ని గదుల్లోంచీ 'ప్రెజెంట్ సార్, ప్రెజెంట్ సార్' అని..." మాస్టారు గబుక్కున ఆగి, మళ్ళీ అందుకున్నారు. ఈసారి గొంతు ఎందుకో తగ్గింది. "అందరూ తిన్నారు. ఒక్క పిల్ల కూడా తినకుండా ఇంటికి పోలేదు. బయటికొస్తుంటే చూశాను కదా, ఒక్కో మూతీ చూశాను. అందరి మూతులకీ ఎరుపే."

"నా మూతికి లేదు మాస్టారూ" అంది టైలరమ్మ.

సెలూన్ అతని నవ్వు సగంలో ఆగింది. మాస్టారు అటు తిరిగారు.

"ఆ క్లబ్బులో నేనూ ఉన్నాను" అంది ఆవిడ, సూది గౌనుకి గుచ్చి. "ముల్లంగి నా చిటికెనవేలంత వచ్చింది, కొరికితే బెండు. గుమ్మడి పిందెలు పిందెల్లోనే రాలిపోయాయి. స్ట్రాబెర్రీకి మొదటి ఏడాది పూలొచ్చాయి, తెల్లగా, బుజ్జిగా. మీరే మాచేత తుంపించారు. మొదటి ఏడాది పూలు తుంచేస్తే వేళ్ళు బలపడతాయర్రా, పైయేడు కడుపునిండా తిందాం అన్నారు. నేను ఏడ్చుకుంటూ తుంచాను. పైయేడు పిందెలు పట్టాయి, ఆకుపచ్చగా. అవి ఎరుపు తిరిగేలోపు కొత్త గదులు కడతామని మిషను తెచ్చి తవ్వేశారు. మీరు దానికి ఎదురెళ్ళి నిలబడి విజిల్ ఊదారు, ఊదుతూనే ఉన్నారు. అది ఆగలేదు."

మాస్టారు ఆవిడ మొహంలోకి వెతుక్కుంటూ చూశారు. పేర్లు ఆయనకెప్పుడూ గుర్తుండవు. తోటలో ఏది కనిపిస్తే ఆ పేరు పెట్టి పిలిచేవారు పిల్లల్ని, వానపాము అనీ, మిడత అనీ.

"నువ్వు... నత్తవి కదూ?"

"నత్తనే."

"ఆకులు తినేస్తున్నాయే, తొక్కెయ్యవే అంటే తొక్కేదానివి కాదు. ఒక్కోదాన్నీ ఏరి గోడవతల వదిలి, టాటా కూడా చెప్పేదానివి."

"రాత్రికి అవి మళ్ళీ వచ్చేవి" అని నవ్వింది టైలరమ్మ. నవ్వుతూనే కళ్ళు వత్తుకుంది. "తర్వాత పెద్దయ్యాక కొనుక్కుని తిన్నాను మాస్టారూ. బాగానే ఉంది. కానీ అది మనది కాదుగా. ఆ ఆకుపచ్చ పిందెలు పండితే ఎలా ఉండేవో అని కుట్టుమిషను తొక్కుతూ ఒక్కోసారి ఇప్పటికీ అనుకుంటాను. ఇంత వయసొచ్చింది, ఇదేం పిచ్చో."

ఆ పండు మాస్టారికీ ఇన్నేళ్ళుగా నోటిదాకా వచ్చి ఆగిపోయిందే. పిల్లల మూతుల ఎరుపు చూడాలని ఎంత ఆశపడ్డారో, చూడనిదాన్ని చూశానని ఊరూరా చెప్పుకుంటూ తిరిగేంత. ఇప్పుడు అదీ పోయింది. వీళ్ళ ముందు పరువూ పోయింది, రేపటి తోటా పోయింది అనుకుని లేచి, చెప్పుల్లో కాళ్ళు పెట్టారు.

"రేపు ఎన్నింటికి రమ్మంటారు?" అంది టైలరమ్మ.

"ఎవరిని?"

"మా అమ్మాయిని. లైబ్రరీ గోడకి అట్టముక్క చూశాను, అక్షరాలు చూడగానే మీవేనని తెలిసింది. రెండు వారాలుగా వద్దామని, వచ్చి ఏం చెప్పాలో తెలీక ఆగాను. పెద్దవాళ్ళని రానిస్తారా? లేక పిల్లలకేనా?"

"రావే తల్లీ" అన్నారు మాస్టారు. "పొద్దున్నే రా. తవ్వుగోలలు నా దగ్గరున్నాయి."

"ఒక్క షరతు. ఈసారి ఒక్క పువ్వైనా తుంచకుండా వదలాలి."

"అది పద్ధతి కాదమ్మా. మొదటి ఏడాదే కాయనిస్తే మొక్క నీరసిస్తుంది."

"నీరసించనివ్వండి. పైయేడుదాకా ఆగు అని మా అమ్మాయికి నేను చెప్పలేను. నేను ఆగింది చాలు."

మాస్టారు తలూపారు. దూరంగా మలుపు దగ్గర వ్యాను హారన్ వినిపించింది. జనం సంచులూ హెల్మెట్లూ సర్దుకుంటున్నారు. హెల్మెట్ తండ్రికి మాత్రం నాలుక ఊరుకోలేదు.

"అయితే మాస్టారూ, ఆ ఒక్క కాయా ఎంత లావు కాస్తుందంటారు?"

అలవాటుకొద్దీ మాస్టారి చేతులు రెండూ బార్లా చాచుకున్నాయి. సెలూన్ అతను నవ్వడానికి సిద్ధమైపోయాడు. టైలరమ్మ చూస్తోంది. మాస్టారు కూడా ఆవిడ వంకే చూస్తూ చేతులు మెల్లిగా దగ్గరికి తెచ్చుకున్నారు, తెచ్చుకుని, ఒక చేతిని కిందికి దించేసి, రెండో చేతి బొటనవేలు పైకెత్తి దాని గోరు చూపించారు.

"ఇంతే ఉంటుంది" అన్నారు. "ఒక్కోసారి ఇంతకూడా ఉండదు."

టీ కొట్టు అక్క పాలగిన్నె మీద మూత తీసేసింది. "కూర్చోండి మాస్టారూ, ఇంకో టీ పెడతాను" అంది.